మారుప్రతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



బమ్మెర పోతనామాత్యుని భాగవతమును గూర్చి తెలుగునాట తరతరములుగా చెప్పుకొను కథ యొకటి కలదు. గ్రంథమును తనకు అంకితమిమ్మని సర్వజ్ఞ సింగభూపాలుడు కోరెననియు, పోతన సమ్మతింపలేదనియు, ఆ కోపమున రాజు గ్రంథమును భూమిలో పాతిపెట్టించెననియు, పిమ్మట వెలికి తీయగా కొన్ని భాగములు చెదలపాలై యుండెననియు పెద్దలు చెప్పుదురు. ఇందు చరిత్ర యెంతయో తేల్చుట పండితుల పని. కాని నేడు చదువుకొనుచున్న తెలుగు భాగవతమున పంచమస్కంధము గంగన రచనయనియు, షష్ఠస్కంధము ఏర్చూరి సింగన రచనయనియు, ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయ రచనయనియు అందరెరిగినదే. ఆ కథ నిజమే యైనచో దోషము చెదలది మాత్రమే కాదు. అంతటి గ్రంథమునకు మరియొక యింట మరియొక ప్రతి లేకపోవుటయే అసలు దోషము.

గ్రంథాలయమనునది ప్రతులను కాపాడు ఇల్లు. కావున దాని రజతోత్సవమునాడు ప్రతులను గూర్చి మాటలాడుట అనుచితము కాదు. అయితే ఈనాటి తాటియాకు వేరు, ఈనాటి గంటము వేరు. ఈ ప్రసంగము కంప్యూటరులో నుండు లెక్కలను గూర్చినది. మరింత సూటిగా చెప్పవలెనన్న, చిన్న కార్యాలయములు రెండు మూడు సర్వరులను కూర్చి నడపుకొను మాయాయంత్రములను గూర్చియు, వాని మారుప్రతులను గూర్చియు.

విశాఖపట్టణము 1933లో ఓడరేవు తెరువబడిన నాటినుండియు లెక్కల పట్టణమే. ఓడ వచ్చిన గడియ, దిగిన సరకు, చెల్లిన సుంకము, ఎత్తిన కూలీల పద్దు — ఇవి యన్నియు వ్రాతలో నుండవలసినవి. 1966 నాటి ఉద్యమఫలముగా 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును అట్టిదే. అందలి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు. రాజుకొన్న కొలిమిని ఇష్టము వచ్చినప్పుడు ఆర్పి, ఇష్టము వచ్చినప్పుడు వెలిగించుటకు వీలులేదు. ఈనాటి లెక్కల యంత్రమును అంతియే. ఆగినచో దాని ననుసరించిన పనులన్నియు ఆగును.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో కృత్రిమమేధా కేంద్రమును నెలకొల్పుటకై అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతునని ప్రకటించినది. అది ఏనుగుల వ్యవహారము. ఇచ్చట చెప్పదలచినది చీమల వ్యవహారము. రేవు చెంత ఎగుమతి దిగుమతుల పత్రములు చూచు చిన్న కార్యాలయమును, గాజువాకలో పదిమంది పనివారుగల వర్కుషాపును, ఒక నర్సింగుహోమును, ఒక కళాశాలను తలచుకొనుడు. వీరికి వేల సర్వరులు అక్కరలేదు. గదిమూలనుండు మూడు సర్వరులే వీరి సర్వస్వము. మన గ్రామము నుండి పట్టణమునకు పోయిన పిల్లలలో అనేకులకు జీతము వచ్చు పద్దు, ఆసుపత్రి చీటీ, మార్కుల పట్టిక అట్టి మూడు పెట్టెలలోనే యున్నవి.

మొదట మాయాయంత్రమన నేమో తెలిసికొనవలెను. పూర్వము ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరును కొనుచుండెడివారు. జమాఖర్చున కొకటి, ఉత్తరప్రత్యుత్తరముల కొకటి, హాజరుపట్టీ కొకటి. అందు పెక్కు దినములో చాలభాగము ఊరక కూర్చుండునవే. పెద్ద మండువా లోగిలిలో ఒక్క వృద్ధుడు మాత్రమే కాపురముండి, తక్కిన గదులకు తాళములు వేసినట్లుండెడిది. ఆ లోగిలిని వాటాలుగా విభజించి, నాలుగు కాపురములకు ఇచ్చినచో ఎవరి వంట వారిది, ఎవరి తలుపు వారిది. సర్వరులో అట్లు వాటాలు వేయు కార్యక్రమమునకు హైపర్‌వైజర్ అని పేరు. ఒక్కొక్క వాటాకు వర్చువల్ మెషిన్ అని పేరు; మాయాయంత్రమనిన సరిపోవును.

భారతమునందలి మయసభలో నీరు లేనిచోట నీరున్నట్లు తోచి దుర్యోధనుడు భ్రమపడెను. ఇచ్చటను కార్యక్రమము తనకొక ప్రత్యేకమైన కంప్యూటరు కలదని భ్రమపడును. భ్రమ మాయయే గాని, అది చేసిపెట్టు కూడిక మాత్రము నిజమైన కూడిక.

ఈ ఊహ నిన్న మొన్నటిది కాదు. 1960ల దశకముననే ఐబీఎం శాస్త్రజ్ఞులు ఒక మహాయంత్రమును అనేక యంత్రములుగా భాసింపజేసిరి. 1972లో ఆ సంస్థయే దానిని విపణిలోనికి తెచ్చెను. చిన్న కంప్యూటరులకు ఆ విద్య 1999 ప్రాంతమున వీఎంవేర్ సంస్థ ద్వారా వచ్చినది. 2007లో లినక్స్ మూలములోనే కేవీఎం అను భాగము చేరినది. 2008లో ఆస్ట్రియా దేశమునుండి ప్రాక్స్‌మాక్స్ అను ఉచిత కార్యక్రమము వెలువడినది. చిన్న కార్యాలయములు లైసెన్సు వెల లేకయే మాయాయంత్రములను నడపుటకు అట్టివి తోడ్పడుచున్నవి.

మాయాయంత్రమునకు ఒక గొప్ప గుణము కలదు. దాని డిస్కు, దాని అమరిక, దాని సర్వమును కొన్ని ఫైళ్లుగా ఇమిడియుండును. అనగా యంత్రమునకు యంత్రమునే ప్రతి వ్రాసికొనవచ్చును. ఇనుప పెట్టె కాలిపోయినను ఆ ప్రతిని మరియొక పెట్టెలో నుంచి లేపవచ్చును. పూర్వము లెక్క పోయినచో లెక్క మాత్రమే తిరిగి వ్రాసికొనెడివారు. ఇప్పుడు లెక్కతోపాటు లెక్క వ్రాయువానిని గూడ తిరిగి నిలుపవచ్చునన్నమాట.

ఇక కూటమి. ఒక్క సర్వరు మీదనే అన్ని వాటాలు నిలిపినచో ఆ గోడ కూలిన నాడు నాలుగు కాపురములును వీధిలో పడును. కావున మూడు సర్వరులను తీగలతో కలిపి కూటమిగా నిలుపుదురు. దీనినే క్లస్టర్ అందురు. ఒకటి పడిపోయినచో దాని మీది మాయాయంత్రములు తక్కిన రెంటిమీద మరల లేచును.

మూడే ఏల? రెండు చాలవా? పంచాయతీ ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఇద్దరే సభ్యులున్నచో మాట తెగిననాడు అధికమెవరిదో తేలదు. రెండు సర్వరుల నడుమ తీగ తెగినచో ఇది అది చచ్చినదనుకొనును, అది ఇది చచ్చినదనుకొనును. రెండును ఒకే ఖాతాను చేతబట్టి వేర్వేరుగా వ్రాయనారంభించును. ఒకే పొలమునకు ఇద్దరు రెండు పట్టాలు పుట్టించినట్లగును. ఆ చిక్కు విప్పుటకు ఎంతటి నిపుణునికైనను కష్టమే. కావున మూడింట రెండు ఓట్లున్న పక్షమే పని చేయవలెను, ఒంటరియైనది తనంత తాను విరమింపవలెనని నియమము. దీనినే కోరము అందురు. మూడవ సర్వరు కొనుటకు స్తోమత లేనివారు, ఓటు వేయుటకు మాత్రము ఒక చిన్న యంత్రమును సాక్షిగా నిలుపుకొందురు.

ఇందు చిన్న కార్యాలయములు తరచుగా చేయు పొరపాటు ఒకటి కలదు. మూడు సర్వరులలో ఒక్కొక్కదానికి 64 జీబీ జ్ఞాపకశక్తి యున్నచో మొత్తము 192 అని సంతోషించి 180 వరకు నింపుదురు. ఒకటి పడిన దినమున మిగులునది 128 మాత్రమే. అప్పుడు లేవవలసిన యంత్రములు లేవవు. మూడెడ్ల బండిలో ఒక ఎద్దు కూలబడినను మిగిలిన రెండెడ్లు లాగగలిగినంతయే బరువు వేయవలెను. సర్వరులకు తమ సొంత అవసరములును ఉండును గనుక, మూడింట రెండు పాళ్లకు లోపుగనే ఆపుట వివేకము.

డిస్కుల విషయమును అట్టిదే. సెఫ్ అను కార్యక్రమము ప్రతి తునుకను మూడు సర్వరులలోను మూడు ప్రతులుగా దాచును. ఒక్కొక్క సర్వరులో 4 టీబీ డిస్కులున్నచో మొత్తము 12 అయినను, దాచుకొనుటకు దొరకునది 4 మాత్రమే. అందును 85 పాళ్లు నిండగానే అది హెచ్చరించును. 95 పాళ్లు నిండిన వెంటనే వ్రాత ఆపివేయును. గాదె అంచుదాక నింపరాదని రైతు ఎరిగినదే.

ఇంతవరకు విన్నవారికి ఒక సందేహము కలుగవచ్చును. మూడు సర్వరులలో మూడు ప్రతులున్నవి గదా, ఇక మారుప్రతి ఎందులకని. ఈ ప్రసంగమునకు ప్రాణమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

సెఫ్ దాచు మూడు ప్రతులు మూడు అద్దముల వంటివి. ఎదుట నిలిచినవాడు బొట్టు చెరిపికొన్నచో మూడు అద్దములలోను ఒకేసారి చెరిగిపోవును. గుమాస్తా పొరబాటున ఒక ఖాతాను తుడిచిన మరుక్షణమే మూడు చోట్లను అది తుడిచిపెట్టుకొనిపోవును. దొంగ కార్యక్రమము వచ్చి లెక్కలకు తాళము వేసినచో మూడింటికిని తాళము పడును. కూటమి ఇనుము విరుగకుండ కాపాడునే గాని, చేయి జారకుండ కాపాడదు. మారుప్రతి యనగా నిన్నటి లెక్క నిన్నటి రూపముననే వేరొకచోట నిలిచియుండుట.

స్నాప్‌షాట్ అనునదొకటి కలదు. యంత్రము ఆ క్షణమున ఎట్లున్నదో గుర్తు వేసికొనుట. మార్పులు చేయబోవు ముందర అది మంచి అలవాటే. కాని సాధారణముగా అది అదే డిస్కు మీద నుండును. పుస్తకములో పేజీ గుర్తు పెట్టుకొనుట వంటిది. పుస్తకము కాలినచో గుర్తును కాలును.

మారుప్రతికి అనుభవజ్ఞులు చెప్పు సూత్రము చిన్నది: మూడు ప్రతులు, రెండు తెరగుల సాధనములు, అందొకటి పొరుగూర. ఇది రెవెన్యూ శాఖవారికి క్రొత్త కాదు. పొలముల కొలతల పుస్తకమునకు గ్రామమున ఒక ప్రతి, తాలూకాలో ఒక ప్రతి, సర్వే శాఖయొద్ద ఒక ప్రతి ఉండుట పూర్వాచారము. 1984లో కరణీకములు రద్దయినవి. 2015లో మీభూమి యను పేర అడంగలు, 1-బి పత్రములు కంప్యూటరులో చూచుకొను ఏర్పాటు వచ్చినది. పదవులు మారినవి, కాగితము మారినది, ధర్మము మారలేదు.

ప్రతిదినము యంత్రమునకు యంత్రమును పూర్తిగా వ్రాసినచో చోటు చాలునా యను ప్రశ్న వచ్చును. ఒక మాయాయంత్రము 100 జీబీ అనుకొనుడు. ముప్పది దినముల పూర్తి ప్రతులకు 3,000 జీబీ కావలెను. కాని దినమునకు మారునది 2 జీబీయే అయినచో, మొదటి ప్రతికి 100, తరువాతి ఇరువదితొమ్మిది దినములకు 58, వెరసి 158 జీబీతో సరిపోవును. ప్రాక్స్‌మాక్స్ వారి బ్యాకప్ సర్వరు వంటివి చేయునది ఇదియే. యంత్రమును తునుకలుగా చేసి, లోగడ దాచిన తునుకను మరల దాచక, క్రొత్తదానినే చేర్చును. దినమునకొకటి చొప్పున ఏడు, వారమునకొకటి చొప్పున నాలుగు, నెలకొకటి చొప్పున పండ్రెండు ప్రతులు ఉంచుకొని తక్కినవి తీసివేయుట మంచి వాడుక. నెలల నాటి ప్రతి ఏల యన్నచో, కొన్ని తప్పులు వెంటనే కంటబడవు. ఏడాది జమాఖర్చు చూచునాడు బయటపడును.

అయితే ఈ పొదుపులో అపాయమును కలదు. ముప్పది ప్రతులకును ఆధారము ఒకే తునుక యైనప్పుడు, ఆ తునుక చెడినచో ముప్పదియు చెడును. అందుచే ప్రతి తునుకకును గణితముచే పుట్టిన ముద్ర యొకటి వేసియుంచి, అప్పుడప్పుడు తునుకను మరల చదివి ముద్రతో సరిచూతురు. సీ. పీ. బ్రౌన్ దొర కడపలో పండితులను, లేఖకులను సొంత ద్రవ్యముతో పోషించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు వ్రాతప్రతులు తెప్పించి ఒకదానితో నొకటి సరిచూపించెను. వ్రాసిన ప్రతి వేరు, సరిచూచిన ప్రతి వేరు అని ఆయన నూటయెనుబది ఏండ్లకు పూర్వమే ఎరిగియుండెను.

మరి రెండు నియమములు. మారుప్రతి దాచు యంత్రము ఆ కూటమిలోనే యొక మాయాయంత్రమై యుండరాదు. పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్లగును. రెండవది, కూటమికి మారుప్రతిలో చేర్చు అధికారమే యుండవలెను గాని తీసివేయు అధికారము ఉండరాదు. దేవాలయపు హుండీలో ఎవరైనను వేయవచ్చును, తీయుటకు మాత్రము వేరు తాళము, వేరు పెద్దలు. దొంగ కూటమిలో దూరినను హుండీ మిగులును. మారుప్రతికి రహస్యలిపి వేసినచో, దాని తాళపదమును కాగితముపై అచ్చువేసి ఇనుప బీరువాలో దాచవలెను.

ఇది వట్టి ఊహ కాదు. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వరులపై అట్టి దాడి జరిగి, దాదాపు రెండు వారములు రోగుల పని చేతివ్రాతతో నడచెను. దాడి సోకని యొక బ్యాకప్ సర్వరు మిగిలియుండుటచే ఆ రోగుల వివరములు మరల లభించెను. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరమున ప్రభుత్వపు కంప్యూటరు కేంద్రములో బ్యాటరీలు అంటుకొని 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయెను. ఉద్యోగులు తమ పత్రములు దాచుకొను భాండారములోని 858 టీబీ సమాచారమునకు వెలుపల మారుప్రతి లేకుండెను, అది భస్మమయ్యెను. అంత సంపన్నమైన దేశములో, అంత నిపుణులున్నచోట జరిగినది ఇది.

విశాఖకు ఇంతకన్న దగ్గరి గురువు సముద్రుడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగముతో పట్టణము మీద విరుచుకుపడెను. చెట్లు కూలెను, విమానాశ్రయపు కప్పు చెదరెను, కరెంటు పోయెను, టెలిఫోనులు మూగపోయెను, ఉక్కు కర్మాగారము ఆగెను. పెట్రోలుకు బారులు తీరిరి. ఆ దినములలో వీధికవతల నున్న మారుప్రతి ఎవరికి అక్కరకు వచ్చును? విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములును ఆ తుపానుకే లోనైనవి గదా! కావున తీరవాసులకు పొరుగూరనగా పక్కయూరు కాదు. ఒకే గాలి, ఒకే నీరు తాకని దూరము. హైదరాబాదు వంటి మెట్టనగరములో ఒక ప్రతి యుంచుట విశాఖవాసులకు విలాసము కాదు, అవసరము. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు యంత్రములను ఏ వరుసలో ఆపవలెనో, తరువాత ఏ వరుసలో లేపవలెనో కాగితముపై వ్రాసి గోడకు అంటించియుంచవలెను; ఎరిగిన మనిషి ఆ దినమున ఆఫీసుకు రాలేకపోవచ్చును.

ఇన్ని చేసియు చాలమంది చేయనిది ఒకటి కలదు. దానిచేతనే చేసినదంతయు వ్యర్థమగును. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక నిపుణుడు రాత్రివేళ అలసి, ఒక సర్వరనుకొని మరియొక సర్వరులోని మూలసమాచారమును తుడిచివేసెను. పొరపాటు గ్రహించి ఆపునప్పటికి సుమారు 300 జీబీలో నాలుగున్నర మాత్రము మిగిలెను. మారుప్రతికి అయిదు మార్గములు ఏర్పరచుకొనియుండిరి. ఏ యొక్కటియు సరిగా పనిచేయలేదు. దినదినము జరుగవలసిన వ్రాత ఎన్నాళ్లనుండియో జరుగుటయే లేదు. జరుగలేదని తెలుపు ఉత్తరములును ఎవరికిని చేరలేదు. ఆ నిపుణుడే అంతకు ఆరు గంటలకు పూర్వము వేరొక పనికై తీసికొన్న ప్రతి ఒకటి దైవవశమున దొరుకుటచే సంస్థ నిలిచినది. నడుమనున్న ఆరు గంటల పని పోయినది. దాచకుండ బహిరంగముగా చెప్పుకొనుట ఆ సంస్థ చేసిన లోకోపకారము.

వారు చేయనిది ఏమి? తిరిగి లేపి చూచుట. మారుప్రతి వ్రాయబడుచున్నదని యంత్రము చెప్పుట వేరు, ఆ ప్రతినుండి యంత్రము లేచి కూర్చుండుట వేరు. పూర్వము ఏటేట జమాబందీ జరుగుచుండెడిది. గ్రామలెక్కలు మూటగట్టి తీసికొనిపోయి అధికారి యెదుట విప్పవలసియుండెను. ఆ భయమే లెక్కను శుద్ధముగా నుంచెడిది. మారుప్రతికిని జమాబందీ కావలెను. మూడు నెలలకొకసారి ఒక మాయాయంత్రమును వేరొక మూల లేపి, నిన్నటి పద్దు అందున్నదో లేదో గుమాస్తా చేతనే చూపింపవలెను. ఎన్ని గంటలు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనవలెను. యజమాని రెండు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పుకొనవలెను. ఎంత సేపటి పని పోయినను ఓర్చుకొనగలము? ఎన్ని గంటలు ఆగినను బ్రతుకగలము? ఈ రెంటి జవాబులే మారుప్రతి ఎన్నిసార్లు వ్రాయవలెనో, ఎంత ఖర్చు పెట్టవలెనో నిర్ణయించును.

ఈ పనికి కీర్తి లేదు. సర్వరు కొన్ననాడు కొబ్బరికాయ కొట్టుదురు. మారుప్రతికి డిస్కు కావలెనన్న నాడు ఖర్చు దండుగ అందురు. ఏ ఆపదయు రాకున్నచో ఆ పనివాడు ఏమియు చేయనట్లే కనబడును. గట్టు కాయువాని నెవ్వరును పొగడరు. గండి పడిననాడే వాని పేరు అడుగుదురు.

గ్రామమునకు దీనితో పనియేమి? పొలము పట్టా, పింఛను, బిడ్డల చదువుల పత్రము, రోగి చీటీ — ఇవి యన్నియు ఎచ్చటనో యొక యంత్రములో నున్నవే. ఆ పత్రములు తీసిచ్చువారిని, దీనికి మారుప్రతి ఎక్కడున్నదని అడుగు హక్కు రైతుకు కలదు. అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. ఈ గ్రంథాలయమునకును కర్తవ్యము కలదు. ఇచ్చటి పాత దస్త్రములను, చందాదారుల పట్టికలను, అచ్చులో దొరకని పుస్తకములను ఛాయాచిత్రములుగా తీసి, ఒక ప్రతి ఇచ్చట, ఒకటి వేరు డిస్కుపై పాఠశాలలో, ఒకటి దూరనగరములోనున్న ఊరిబిడ్డ యింట ఉంచి, ఏటేట రజతోత్సవపు తేదీన మూడును విప్పి చూచుకొనవచ్చును. పెద్ద ద్రవ్యము అక్కరలేదు, మరువకుండుటయే ద్రవ్యము.

భాగవతము అష్టమస్కంధములో ప్రళయము రానున్నదని మత్స్యమూర్తి సత్యవ్రతునికి ముందుగా తెలిపెను. నీరు పొంగిన తరువాత కాదు, పొంగక మునుపే. ఓడ వచ్చునప్పటికి బీజములును ఓషధులును చేర్చి సిద్ధముగా నుండుమనెను. హయగ్రీవుడు అపహరించిన వేదములు సైతము తిరిగి లభించినవి. కాపాడవలసినదానిని కాపాడదలచినవారు ఆపదకు ముందుగనే ఓడ నెక్కింపవలెనను ధర్మము ఆ కథలో నున్నది. అట్టి ఓడ ఒకటి ఈ గ్రంథాలయపు తలుపుచెంత సదా కట్టియుండుగాక.

శుభమస్తు.